కుస్కోలో దిగిన రోజు ఏమీ చూడకండి

పోయిన నెల మా పెరూ ప్రయాణం గురించి రెండు పేజీలు రాసిన దగ్గర్నుంచి వస్తున్న ఉత్తరాల్లో సగానికి సగం "మేమూ వెళ్తున్నాం, ఇది కాస్త చెప్పండి" అనేవే. అందరికీ విడివిడిగా రాయడం నావల్ల కాదు, అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఒకప్పుడు పెరూని ఏలిన ఇంకాల ఊళ్లకీ ఆండీస్ కొండలకీ ఇచ్చేశాను. ఒకే ప్రశ్న పదిమంది అడిగితే ఒకరిదే వేశాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు. పేర్లు వెయ్యొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఊరు మాత్రమే రాస్తున్నాను.

ప్రశ్న: అమ్మానాన్న విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు. నాన్నకి 67, మోకాళ్ల నొప్పులు. అమ్మకి 62, బీపీ మాత్ర వేసుకుంటుంది. ఐదు రోజుల గైడెడ్ టూర్ ఒకటి చూశాం. మొదటి రోజు పొద్దున కుస్కో, మధ్యాహ్నం సిటీ టూర్, రెండో రోజు రెయిన్‌బో మౌంటెన్, మూడో రోజు సేక్రెడ్ వ్యాలీ, నాలుగో రోజు మాచు పిచ్చు, ఐదో రోజు వెనక్కి. వాళ్లని తీసుకెళ్లొచ్చా అండీ? (డల్లాస్)

జవాబు: అమ్మానాన్నల్ని తీసుకెళ్లండి. ఆ టూర్‌ని మాత్రం వదిలేయండి.

మీరు రాసిన వరసనే ఒకసారి ఎత్తుల లెక్కన చూడండి. కుస్కో 3,400 మీటర్లు, అంటే ఇంచుమించు కేదార్‌నాథ్ అంత ఎత్తు. కేదార్‌నాథ్‌కైతే కింద నుంచి కొండ ఎక్కుతూ వెళ్తాం కాబట్టి ఒళ్లు ఎంతో కొంత సర్దుకుంటుంది, ఇక్కడ లీమాలో సముద్రం పక్కన విమానం ఎక్కితే గంటంబావులో పైన దింపేస్తారు. మర్నాడే రెయిన్‌బో మౌంటెన్ అంటున్నారు, దాని అసలు పేరు వినికుంక (వినగానే నాకు మన వినుకొండ గుర్తొచ్చింది), అది 5,000 మీటర్లు దాటి ఉంటుంది. తూర్పు కనుమల్లో మనకున్న పెద్ద శిఖరం 1,680 మీటర్లు. అలాంటివి మూడు ఒకదాని మీద ఒకటి పేర్చుకోండి. దిగిన ఇరవై నాలుగు గంటల్లో, తెల్లవారుజామున మూడింటికి నిద్ర లేపి, వ్యాన్‌లో మూడు గంటలు కుదిపి అక్కడికి తీసుకెళ్తామంటున్నారు, అదీ బీపీ ఉన్న మనిషిని.

మేం చేసిన తప్పూ ఇదే. పదిన్నరకి కుస్కోలో దిగాం, రెండయ్యేసరికి గైడ్ వచ్చి హోటల్ కింద నిలబడ్డాడు, డబ్బు కట్టేశాం కదా అని బయల్దేరాం. ఇంకాల కోట సక్సాయ్‌వమాన్ గోడల దగ్గర ఆయన ఏం చెప్పాడో ఒక్క ముక్క గుర్తు లేదు నాకు. కుడి కణతలో ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టుండటం గుర్తుంది. మావారు ఊడిపోయిన బూటు లేసు కట్టుకుందామని వంగి, కట్టుకోకుండానే లేచి, "కాసేపాగి కడతాలే" అనడం గుర్తుంది. ఆ రాత్రి బాత్‌రూమ్ కోసం ఇద్దరం వంతులు వేసుకున్నాం. మర్నాడు టూర్ క్యాన్సిల్, డబ్బు గోవిందా. తర్వాత తెలిసింది, ఆ కంపెనీ అందరికీ అదే వరస పెడుతుందట.

తమాషా ఏంటంటే అందరూ భయపడే మాచు పిచ్చు, అదే కొండ మీది ఇంకాల పాత ఊరు, అసలు అంత ఎత్తే కాదు, 2,430 మీటర్లు. అది కుస్కో కంటే కిలోమీటరు కింద ఉంది. అందుకే వరస తిరగెయ్యండి. కుస్కో ఎయిర్‌పోర్టులో దిగగానే ఊళ్లోకి వెళ్లకుండా కారు మాట్లాడుకుని నేరుగా ఒయాంతాయ్‌తాంబోకి వెళ్లిపోండి, రెండు గంటల దారి, ఎత్తు 2,800. అక్కడ రెండు రాత్రులు పడుకోండి. మొదటి రోజు ఏమీ చూడొద్దు. నిజంగా ఏమీ వద్దు. ఊళ్లో రాళ్లు పరిచిన సన్న సందులు, వాటి పక్కనే ఇంకాల కాలం నాటి కాలవలు, ఇప్పటికీ నీళ్లు గలగలా పోతుంటాయి. అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇప్పించండి, నాన్నగారికి అదే సరిపోతుంది. మూడో రోజు రైలెక్కి మాచు పిచ్చు. కుస్కో చివర్లో, అప్పటికి ఒళ్లు అలవాటు పడి ఉంటుంది. రెయిన్‌బో మౌంటెన్ ఈసారికి వద్దు. ఐదు రోజులు చాలవు, ఇంకో రెండు రోజులు సెలవు అడగండి.

మోకాళ్ల సంగతి: కింద ఆగ్వాస్ కాలియెంతెస్ ఊరి నుంచి గేటు దాకా బస్సు ఉంది, అరగంటలోపే. లోపల మాత్రం మెట్లే, అవీ సమానంగా ఉండవు. టికెట్లు ఇప్పుడు సర్క్యూట్ల వారీగా, అంటే లోపల నడిచే దారిని బట్టి ఇస్తున్నారు. రెండో సర్క్యూట్‌లో అందరూ తీసుకునే ఆ ఫోటో చోటూ, ఊరి లోపలి భాగమూ రెండూ వస్తాయి కానీ మొదట్లో ఎక్కుడు ఉంది. మూడోది కింది భాగంలోనే తిరుగుతుంది, నాన్నగారికి అదే నయం. లోపల టాయిలెట్లు లేవు, గేటు దగ్గరే పని చూసుకుని వెళ్లాలి, ఇది పెద్దవాళ్లకి ముందే చెప్పండి.

బయల్దేరే ముందు ఇద్దర్నీ డాక్టరుకి చూపించండి. ఎత్తుకి ఒళ్లు అలవాటు పడటానికి వాడే అసెటజోలమైడ్ మాత్ర గురించి అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లకి అది ప్రమాదం కావచ్చు, బీపీ మాత్రలతో కలిపి వాడొచ్చో లేదో డాక్టరే చెప్పాలి. తలపోటు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మామూలే. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలినా, మాట తడబడినా ఇక ఆలోచించొద్దు, వెంటనే కిందికి దింపి ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి వెళ్లాలంటే వీసా ఎలా? ఎల్లో ఫీవర్ టీకా ఉండాలంటున్నారు, నిజమేనా? (కూకట్‌పల్లి)

జవాబు: మన పాస్‌పోర్టుకి పెరూ వీసా కావాలి, ఎంబసీ ఢిల్లీలో ఉంది. అయితే అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, షెంగెన్, వీటిలో ఏదో ఒక వీసా కనీసం ఆరు నెలల గడువుతో చేతిలో ఉన్నా, అక్కడ శాశ్వత నివాసం ఉన్నా పెరూ వీసా విడిగా అక్కర్లేదు. పై ఉత్తరంలో డల్లాస్ అమ్మానాన్నలకి అలాగే కుదురుతుంది. నేరుగా విమానం లేదు, ఎక్కడో ఒకచోట మారాలి, ఆ మారే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో టికెట్ కొనకముందే చూసుకోండి. చాలామంది దొరికిపోయేది అక్కడే.

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఒక మాట. పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు అయిపోయి ఐ-797 అనే ఆమోదపు కాగితంతో నెట్టుకొస్తుంటే పెరూ జోలికి వెళ్లొద్దు. పెరూలోకి రానివ్వకపోవడం అటుంచండి, తిరిగి అమెరికాలోకి రావడమే సమస్య. కెనడా, మెక్సికోలకి ఉండే చిన్న వెసులుబాటు పెరూకి లేదు.

ఎల్లో ఫీవర్ మాట నిజమే. అది అడిగేది పెరూ వాళ్లు కాదు, మనవాళ్లు. పెరూ వదిలిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే టీకా సర్టిఫికెట్ చూపించాలి, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. అది ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. ఒకసారి వేయించుకుంటే సర్టిఫికెట్ జీవితాంతం పనికొస్తుంది. అరవై దాటినవాళ్లూ, గుడ్డు పడనివాళ్లూ అక్కడి డాక్టరుకి ముందే చెప్పాలి.

ప్రశ్న: నేను ట్రెక్కింగ్ బాగా చేస్తాను, లంబసింగి నుంచి హిమాలయాల దాకా తిరిగాను. మాచు పిచ్చుకి కాలినడకన వెళ్లే 'ఇంకా ట్రెయిల్' గైడ్ లేకుండా ఒక్కణ్నే చెయ్యొచ్చా? ఏజెన్సీలు బాగా గుంజుతున్నాయి అన్నా. (తెనాలి)

జవాబు: అన్న కాదు తమ్ముడూ, అక్క. విషయానికొస్తే, కుదరదు. నాలుగు రోజుల ఇంకా ట్రెయిల్ సుమారు 43 కిలోమీటర్లు, లైసెన్సు ఉన్న ఏజెన్సీ ద్వారా, గైడ్‌తోనే వెళ్లాలి. రోజుకి 500 మందికే పర్మిట్, అందులో గైడ్లూ వంటవాళ్లూ మోతగాళ్లూ అందరూ కలిసే, అంటే నీలాంటి వాళ్లకి మిగిలేవి రెండొందల దాకా. మే నుంచి సెప్టెంబర్ తేదీలకి నెలల ముందే అయిపోతాయి. ఫిబ్రవరి మొత్తం దారి మూసేసి మరమ్మతులు చేస్తారు (మాచు పిచ్చు మాత్రం తెరిచే ఉంటుంది). పర్మిట్ మీద పాస్‌పోర్టు నంబరు ఉంటుంది, ఈలోగా పాస్‌పోర్టు మార్చుకుంటే పాతదీ కొత్తదీ రెండూ పట్టుకెళ్లు.

గుంజుతున్నారన్నావు. ఆ డబ్బులో కొంత ఎవరి వీపు మీదికి పోతుందో ట్రెయిల్ మొదలయ్యే చోట, కుస్కో రైలు దారి 82వ కిలోమీటరు దగ్గర చూస్తావు. అక్కడ చెక్‌పోస్టులో మోతగాళ్ల మూటలు కాటా పెట్టి తూస్తారు, ఇరవై కిలోలు మించకూడదని నిబంధన. ఒకప్పుడు దీనికి రెట్టింపు మోయించేవాళ్లట. అందుకని మరీ చవగ్గా తీసుకెళ్తామనే ఏజెన్సీని ఒకటే అడుగు, మోతగాళ్లు ఎక్కడ పడుకుంటారు, వాళ్లకి టెంటూ నేల మీద పరుచుకునేదీ ఇస్తారా అని. జవాబు నసుగుతూ వస్తే వేరేవాళ్లని చూసుకో. రెండో రోజు ఎక్కే కనుమ 4,215 మీటర్లు, వార్మి వన్యుస్క దాని పేరు, చచ్చిపోయిన ఆడమనిషి అని అర్థం. కింద నుంచి చూస్తే పడుకున్న మనిషిలా కనిపిస్తుందంటారు. ఆ ఎక్కుడులో నువ్వు నీళ్ల సీసా ఒక్కటి మోస్తూ రొప్పుతుంటే, ఇరవై కిలోలతో ఒకాయన నీ పక్క నుంచి పరుగులాంటి నడకతో దాటి పోతాడు, నువ్వు పైకి చేరేసరికి వంట అయిపోయి ఉంటుంది.

పర్మిట్ దొరక్కపోతే దిగాలు పడకు. సాల్కాంతాయ్ దారికి ఈ పర్మిట్ అక్కర్లేదు, కనుమ 4,600 మీటర్ల పైన, మంచుకొండ పక్కనే. ఇంకా గట్టిగా నడవగలిగితే చోకెకిరావ్. మాచు పిచ్చు లాంటిదే ఇంకాల ఊరు ఇంకొకటి, వెళ్లడానికి రెండు రోజులు రావడానికి రెండు రోజులు కాలినడకే, అపూరిమాక్ లోయలోకి అమాంతం దిగి మళ్లీ అంతా ఎక్కాలి. మాచు పిచ్చులో రోజుకి వేల మంది ఉంటారు, అక్కడ రాళ్ల మధ్య నువ్వూ నీ గైడూ. నన్నడిగితే నీ వయసుకి అదే కరెక్ట్.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. తిండికి ఇబ్బంది పడతామా? పచ్చళ్లు పట్టుకెళ్లొచ్చా? (రాజమండ్రి)

జవాబు: ఆకలితో ఉండరు కానీ రెండు మూడు చోట్ల మోసపోతారు. "సిన్ కార్నె", అంటే మాంసం లేకుండా అని అడిగితే కోడి ముక్కలు తెచ్చి పెడతారు, వాళ్ల లెక్కలో కార్నె అంటే గొడ్డు మాంసం. కోడి వద్దు, చేప వద్దు, కోడి ఉడికించిన నీళ్లు కూడా వద్దు అని వరసగా చెప్పాలి, సూపులన్నీ ఆ నీళ్లతోనే చేస్తారు. కీన్వా సూపు ఆ నీళ్లు లేకుండా అడిగి చేయించుకోండి, చలికి ప్రాణం లేచొస్తుంది. రోడ్డు పక్కన ఉడికించిన మొక్కజొన్న కంకి, పక్కన జున్నులాంటి తెల్ల చీజ్ ముక్క అమ్ముతారు, గింజలు ఒక్కోటీ మన బొటనవేలి గోరంత. ఇక బంగాళాదుంప పుట్టిల్లే అది, మూడు వేలకు పైగా రకాలున్నాయి పెరూలో. ఊదా రంగువి, లోపల గులాబీ రంగువి, మెలికలు తిరిగినవి. జూన్, జూలై రాత్రుల్లో గడ్డకట్టే చలిలో దుంపల్ని ఆరుబయట వదిలేసి, పగలు కాళ్లతో తొక్కి నీరు తీసి ఎండబెట్టే చూన్యో అని ఒకటుంది. ఎండాక గులకరాయిలా ఉంటుంది, ఏళ్ల తరబడి పాడవదు. మన వడియాలు చేసే చేతులకి ఆ పని చూస్తే ముచ్చటేస్తుంది. రుచి మాత్రం నాకు ఎక్కలేదు.

కారం సంగతి బెంగ పెట్టుకోకండి. రొకోతో అని ఎర్రగా చిన్న కాప్సికంలా ఉంటుంది, కోస్తే లోపల గింజలు నల్లగా ఉంటాయి. గుంటూరు మనిషిని అనే ధీమాతో మావారు ముక్క కొరికారు, తర్వాత పావుగంట ఆయన మాట్లాడలేదు. మిరపకాయ మనకి వచ్చిందే అమెరికా ఖండాల నుంచి, పోర్చుగీసువాళ్ల ఓడల్లో. అనంతపురం వేరుశనగ పుట్టిందీ దక్షిణ అమెరికాలోనే. పెరూ ఉత్తరాన సిపాన్ ప్రభువు సమాధిలో బంగారం, వెండితో చేసిన వేరుశనక్కాయల హారం దొరికింది, ఇంకాల కంటే వెయ్యేళ్లకు పైగా పాతది.

పచ్చళ్లు కంపెనీ సీలు వేసినవే, అవీ కస్టమ్స్ ఫారంలో రాసి. పళ్లు, విత్తనాలు, పాల పదార్థాలు పెట్టుకోవద్దు. రైస్ కుక్కర్ మాత్రం మోసుకెళ్లకండి. ఆ ఎత్తులో నీళ్లు 90 డిగ్రీలు రాకుండానే మరుగుతాయి, మామూలు గిన్నెలో అన్నం పలుకు మిగిలిపోతుంది, పప్పు అసలే ఉడకదు. మేం ప్రయత్నించాం.

ప్రశ్న: అక్కడ హోటళ్లలో కోకా ఆకుల టీ ఇస్తారట, తాగొచ్చా? (న్యూజెర్సీ)

జవాబు: పెరూలో అది చట్టబద్ధమే, హోటల్ లాబీల్లో ఫ్లాస్కు పెట్టి ఉంచుతారు, గడ్డి వాసనతో కొంచెం చేదుగా ఉంటుంది. కానీ తాగాక ఒకటి రెండు రోజులు డ్రగ్ టెస్టులో కొకెయిన్ అని పాజిటివ్ రావచ్చు. కొత్త ఉద్యోగంలో చేరబోయేవాళ్లు ముట్టుకోకుండా ఉంటే టెన్షన్ ఉండదు. టీ ప్యాకెట్టు గుర్తుగా ఉంటుందని అమెరికాకో ఇండియాకో తెచ్చుకోవద్దు, రెండు చోట్లా నేరం. మున్యా అని కొండ పుదీనా లాంటి ఆకు టీ కూడా ఇస్తారు, అది తాగండి.

ప్రశ్న: రిటైర్డ్ సివిల్ ఇంజనీర్ని. సున్నం లేకుండా, ఇనుప పనిముట్లు లేకుండా అంత బిగువుగా రాళ్లు పేర్చడం మనుషుల పని కాదని మా మనవడు వీడియోలు చూపిస్తున్నాడు. వాడికి ఏం చెప్పను? (వరంగల్)

జవాబు: ముందు రామప్పకి తీసుకెళ్లండి సార్, మీ ఊరి పక్కనే కదా. నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం, ఇసుక నింపిన పునాది, 1213 నాటి శాసనం. దాన్ని గ్రహాంతరవాసులు కట్టారని ఎవరైనా అంటే వాడు ఒప్పుకుంటాడా అడగండి. మన తాతలు కడితే నైపుణ్యం, ఆండీస్ కొండల కెచువా వాళ్ల తాతలు కడితే మాత్రం ఆకాశం నుంచి ఎవరో రావాలా? ఈ మాట అక్కడి గైడ్ల ముందు అంటే వాళ్లు మర్యాదకి నవ్వుతారు గానీ మనసు నొచ్చుకుంటారు.

పని ఎలా జరిగిందో చాలావరకు తెలుసు. బర్క్‌లీ యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్ జాన్-పియెర్ ప్రోట్‌జెన్ 1980ల్లో కుస్కో చుట్టుపక్కల పాత క్వారీలకి వెళ్లి, అక్కడ పడి ఉన్న గట్టి గుండ్రాళ్లనే సుత్తులుగా పట్టుకుని రాయి చెక్కి చూశాడు. సుత్తిరాయిని కొంచెం ఏటవాలుగా వదులుతూ పోతే గంటన్నరలో మూడు ముఖాలు నున్నగా వచ్చాయి. ఇంకాల రాళ్ల మీద ఉన్న చిన్న చిన్న గుంటలూ, ఆయన రాయి మీద పడ్డవీ ఒకటే. పై రాయి అడుగు ఏ ఆకారంలో ఉంటే కింది వరసలో ఆ ఆకారానికి గుంట తొలిచి కూర్చోబెట్టేవాళ్లు. ఓపికా మనుషులూ కావాలి, రెండూ వాళ్ల దగ్గర ఉన్నాయి.

మీలాంటి ఇంజనీర్ ఒయాంతాయ్‌తాంబోలో ఒక పూట ఎక్కువ ఉండాలి. కోట మీద ఆరు పెద్ద గులాబీ రాతి పలకలు నిలబెట్టి ఉన్నాయి, గుడి సగంలో ఆగిపోయింది. ఆ రాయి తెచ్చిన క్వారీ ఎదురుగా, నదికి అవతల కొండ మీద. అంటే అక్కడ కిందికి దించి, నది దాటించి, మళ్లీ ఇటు పైకి లాగారు. దారిలో వదిలేసిన రాళ్లు ఇప్పటికీ పొలాల గట్ల మీద పడున్నాయి, వాటిని అక్కడివాళ్లు "అలసిపోయిన రాళ్లు" అంటారు. మీ మనవణ్ని ఆ రాళ్ల దగ్గర నిలబెట్టాలి, ఆకాశంలో వచ్చినవాళ్లకి రాయి దారిలో వదిలెయ్యాల్సిన ఖర్మేముంది?

కుస్కోలో కొరికాంచా కూడా చూడండి. ఇంకాల సూర్యుడి గుడి, స్పానిష్‌వాళ్లు దాని మీదే చర్చి కట్టారు. 1950 భూకంపంలో పైన కట్టింది బాగా దెబ్బతింది, లోపల కప్పేసిన ఇంకాల గోడలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. గోడలు లోపలికి కొంచెం వాలి ఉంటాయి, తలుపుల పైభాగం సన్నం, కిందిభాగం వెడల్పు. మాచు పిచ్చులో అయితే కట్టుబడిలో సగానికి పైగా కంటికి కనపడకుండా నేల కిందే ఉందని కెన్నెత్ రైట్ అనే అమెరికన్ సివిల్ ఇంజనీర్ లెక్క వేశాడు. పునాదులు, రాతిముక్కల పొరలు, మురుగు కాలవలు. ఏడాదికి సుమారు 2,000 మిల్లీమీటర్ల వాన పడే కొండ కొన మీద ఊరు జారిపోకుండా ఇంచుమించు ఆరు వందల ఏళ్లు నిలబడిందంటే కారణం అదే. మీరు అక్కడ అందరిలా పైకి కాకుండా కిందికి చూస్తూ తిరుగుతారని నాకు తెలుసు.

ప్రశ్న: రజనీకాంత్, ఐశ్వర్యారాయ్ పాట తీసింది అక్కడేనా? (నెల్లూరు)

జవాబు: అక్కడే, మాచు పిచ్చులో, 2010లో వచ్చిన 'రోబో' సినిమాకి. పాటలో ఆఫ్రికా కొండ పేరు, తెర మీద పెరూ కొండ. మీరు వెళ్లి అక్కడ స్టెప్పులేస్తే మాత్రం కాపలావాళ్లు ఈల వేస్తారు, పరిగెత్తినా గెంతినా ఊరుకోరు. ఆ కఠినత్వానికి కారణం ఉంది. 2000లో ఒక బీరు యాడ్ తీస్తూ క్రేన్ పడి, ఇంతివాతానా అనే సూర్యశిల మూల విరిగిపోయింది.

ప్రశ్న: మాది చేనేత కుటుంబం. పెరూ నేత గురించి మీరు ఒక్క లైను రాసి వదిలేశారు, అన్యాయం. ఏ ఊళ్లో చూడాలి? (చీరాల)

జవాబు: నిజమే, అన్యాయమే. చిన్చెరో అనే ఊరికి వెళ్లండి, కుస్కోకీ ఒయాంతాయ్‌తాంబోకీ మధ్య, 3,700 మీటర్ల పైన. ఎత్తు ఎక్కువ కాబట్టి ఇదీ చివర్లోనే.

మేం వెళ్లిన ఇంటి వాకిట్లో ఒకామె నిలబడి మాట్లాడుతూనే తకిలీ తిప్పుతోంది, చేతి వంక చూడనే చూడదు. ఉన్ని వడికాక అద్దకం. నాగజెముడు ఆకు మీద తెల్లటి బూజులాంటిది పట్టి ఉంటుంది, అది బూజు కాదు, పురుగులు. ఒకటి గిల్లి నా అరచేతిలో పెట్టి వేలితో నలిపింది, చెయ్యంతా రక్తం రంగు. దాని మీద నిమ్మచెక్క పిండింది, చూస్తుండగా నారింజ రంగుకి తిరిగింది. కొంచెం సోడా పొడి వేస్తే ఊదా. రంగు నిలవడానికి ఏం వేస్తారని అడిగితే తెల్లటి గడ్డ తీసి చూపించింది, నాలుక్కి తాకించి చూశాను, పటిక. మన కలంకారీవాళ్లు వాడేదే. మీరైతే ఆమెతో భాష రాకపోయినా గంటసేపు మాట్లాడగలరు.

మగ్గం నేల మీద ఉండదు, ఒక కొన స్తంభానికి కట్టి ఇంకో కొన నడుముకి పట్టీతో బిగించుకుంటారు, వెనక్కి వాలితే దారం బిగుస్తుంది. చివర్లో ఎలాగూ కొట్టు దగ్గరికి తీసుకెళ్తారు, మొహం చిట్లించుకోవద్దు, చూపించిందానికి అదే కూలి. బజార్లో నలభై సోల్స్‌కి అమ్మే "బేబీ అల్పాకా" (అల్పాకా అక్కడి ఉన్ని జంతువు) స్వెటర్లు మాత్రం ఎక్కువభాగం మిల్లు దారం, మీ చేతికి వెంటనే తెలిసిపోతుంది (ఒక సోల్ మన డబ్బులో పాతిక రూపాయలు, అటూ ఇటూ).

అక్కణ్నుంచి మరాస్ ఉప్పు మళ్లు దగ్గరే. సముద్రానికి అంత దూరాన కొండ వాలు మీద మూడు వేల పైచిలుకు మళ్లు, ఒక ఉప్పు ఊట నుంచి సన్న కాలవల్లో నీళ్లు పంచుకుంటారు, ఒక్కో కుటుంబానికి కొన్ని. చినగంజాం కొఠార్లని కొండకి ఆనించి నిలబెట్టినట్టుంటుంది.

ప్రశ్న: కుస్కోలో ఒక ఏజెంటు దగ్గర "మాచు పిచ్చు, అన్నీ కలిపి" అని కొన్నాం. తీరా గేటు దగ్గర చూస్తే మా టికెట్టు పై నుంచి చూసే సర్క్యూట్‌కి మాత్రమేనట, ఊళ్లోకి వెళ్లనివ్వలేదు. పదివేల మైళ్లు వెళ్లి పై నుంచి చూసి వచ్చాం. ఏడుపొచ్చింది. ఇంకొకరికి ఇలా కాకుండా రాయండి. (విజయవాడ)

జవాబు: అయ్యో. ఇది మీ ఒక్కరికే కాదు, ఈ నెలలో ఇలాంటి ఉత్తరం ఇది మూడోది. కాబట్టి వెళ్లేవాళ్లు వినండి. టికెట్టు మీద నాలుగు విషయాలు ఉంటాయి: పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, తేదీ, లోపలికి వెళ్లే గంట, సర్క్యూట్ నంబరు. ఏజెంటు "తర్వాత పంపిస్తాను" అంటే డబ్బు ఇవ్వొద్దు, టికెట్టు చేతికి వచ్చాక సర్క్యూట్ నంబరు చదివాకే ఇవ్వండి. మామూలు టికెట్టు విదేశీ పెద్దలకి 152 సోల్స్, సర్కారు వెబ్‌సైట్‌లో మీరే కొనుక్కోవచ్చు. అక్కడ అయిపోతే ఆగ్వాస్ కాలియెంతెస్‌లో మర్నాటికి కొన్ని టికెట్లు కౌంటర్లో అమ్ముతారు, క్యూ పెద్దదే, ఒక రాత్రి అదనంగా ఉండగలిగితేనే ఆ ఆశ పెట్టుకోవాలి. "అన్నీ కలిపి" అన్నప్పుడు రైలు, కొండ బస్సు, టికెట్టు, గైడ్, ఒక్కోటీ విడిగా అడగండి. కుస్కో చుట్టుపక్కల పదహారు చోట్లకి కలిపి పది రోజుల టికెట్ ఒకటుంది, 130 సోల్స్, అందులో మాచు పిచ్చు, కొరికాంచా, మరాస్ ఉండవు. ఇది తెలియకే సగం గొడవలు.

గైడ్‌ని లోపలికి వెళ్లే ముందు గుర్తింపు కార్డు చూపించమనండి, మొహమాటం అక్కర్లేదు. మాట తీరు కూడా తెలుస్తుంది. "1911లో హైరమ్ బింగామ్ అనే అమెరికన్ ఈ ఊరిని కనిపెట్టాడు" అని అక్కడితో ఆపేసేవాడు ఒక రకం. ఆ జూలై 24న బింగామ్‌కి దారి చూపించింది మెల్చోర్ ఆర్తెయాగా అనే రైతు, పైకి చేరేసరికి అక్కడ కుటుంబాలు కాపురం ఉండి ఇంకాల మెట్ల పొలాల్లోనే పంట వేసుకుంటున్నాయి, ఒక పిల్లాడు ఆయన్ని వెంటబెట్టుకుని తిప్పి చూపించాడు అని చెప్పేవాడు ఇంకో రకం. రెండోవాడు దొరికితే అరగంట ఎక్కువ తీసుకున్నా పర్లేదు, వదలకండి.

ప్రశ్న: నేను పదో తరగతి. ఇంకాలకి లిపి లేదని మా పుస్తకంలో ఉంది. మరి అంత పెద్ద రాజ్యం లెక్కలు ఎలా రాసుకున్నారు ఆంటీ? (కర్నూలు)

జవాబు: ముడులు వేసుకున్నారమ్మా. ఒక లావు తాడు, దానికి వేలాడే సన్న తాళ్లు, వాటి మీద ముడులు, దాన్ని కీపు అంటారు. కింద ఒకట్లు, పైన పదులు, ఇంకా పైన వందలు. మనలాగే పదుల లెక్క. ఒకట్ల స్థానంలో ముడికి ఎన్ని చుట్లుంటే అంత సంఖ్య, సున్నా అయితే ఆ చోటు ఖాళీ. ఊళ్లో ఎంతమంది, గాదెలో ఎంత మొక్కజొన్న, ఎవరు ఎన్ని రోజులు పనికి రావాలి అన్నీ అందులోనే. చుట్టి ఇస్తే వేగులవాడు పరిగెత్తుకెళ్లి ఇంకో వేగులవాడికి అందించేవాడు, వాళ్ల రాచబాటలు ముప్పై వేల కిలోమీటర్లకు పైమాటే. లెక్కల ముడులు చదవడం ఇప్పుడు వచ్చు, కొన్ని కీపుల్లో లెక్కలు కాకుండా కథలో పేర్లో ఏవో ఉన్నాయని అనుమానం, అవి ఇంకా ఎవరూ విప్పలేదు.

ఒక పని చెయ్యి. మూడు పురికొసలు తీసుకుని నీ లెక్కల మార్కులు ముడులు వేసి అమ్మకి ఇవ్వు, చదవగలుగుతుందేమో చూద్దాం.